మన రాయి, మన కంది: లెక్క పుస్తకం ఎవరి చేతిలో?

(తాండూరులో జరిగిన గ్రామ కార్యకర్తల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

"మన ప్రాంత ఆర్థికాభివృద్ధిలో సంస్థల పాత్ర" అనే అంశం మీద మాట్లాడమని కార్యకర్తలు నాకు చీటీ పంపించారు. పేరు పెద్దగ ఉన్నది. పొద్దంతా క్వారీల రాయి కొట్టి, చేన్ల కలుపు తీసి వచ్చినోళ్ల ముందర ఇట్లాంటి మాట ఎత్తితే నిద్రపోతరు. అందుకని మా అవ్వ కందుల సంగతితోటి మొదలుపెడుతున్న.

నేను తొమ్మిదో తరగతి చదివేటప్పటి మాట. మాకు సొంత భూమి లేదు. మా అయ్య రాళ్ల పనికి పోయేవాడు. అవ్వ రెండెకరాలు కౌలుకు పట్టి కంది వేసింది. మూడు బస్తాలు చేతికొచ్చినయి. బండి మీద వేసుకొని అమ్మడానికి పోయినం. అడ్తి దుకాణంల కాంటా పెట్టిండ్రు. మట్టి ఉన్నదని బస్తాకు ఒక కిలో తీసిండ్రు. తేమ ఉన్నదని ఇంకో కిలో తీసిండ్రు. సంచి బరువు వేరే, హమాలీ వేరే, దడవాయి వేరే, కమీషన్ వేరే. వానకాలంల విత్తనాలకు తెచ్చిన అప్పు, దాని మీద వడ్డీ పట్టుకొని మిగిలింది చేతుల పెట్టిండ్రు. నేను లెక్కలల్ల హుషారు. చీటీ తీసుకొని కూడి చూసిన. "అవ్వా, తప్పు పడ్డది" అన్న. అవ్వ నా చెయ్యి పట్టుకొని బయటికి గుంజింది. "ఊకో బిడ్డా. మళ్ల విత్తనాలకు ఈయన కాడికే రావాలె" అన్నది.

ముప్పై ఏండ్లు దాటినా ఆ మాట నాకు యాదికున్నది. లెక్క తప్పని మా అవ్వకు తెలుసు. కాని అడగడానికి ఆమె వెనక ఏమీ లేదు. అప్పుకు ఇంకో చోటు లేదు, కాంటాకు ఇంకో చోటు లేదు. ఆయన వెనక దుకాణం ఉన్నది, లైసెన్సు ఉన్నది, వ్యాపారుల సంఘం ఉన్నది, రాసిన పుస్తకం ఉన్నది. ఇదే నేను చెప్పబోయే సంగతి. మన పేదరికానికి కారణం మన దగ్గర సరుకు లేకపోవడం కాదు, చేతకాకపోవడం అంతకన్నా కాదు. సరుకు ధర, కూలి రేటు, అప్పు, భూమి కాగితం నిర్ణయించే చోట్ల మనం సభ్యులం కాకపోవడం.

మూడు ప్రశ్నలు

సంస్థ అంటే బిల్డింగు, బోర్డు, జీపు అనుకుంటం. బ్యాంకైనా, సొసైటీ అయినా, మార్కెట్ యార్డైనా, ఫ్యాక్టరీ అయినా, పంచాయతీ అయినా ముందుగాల మూడు ప్రశ్నలు అడగాలె. ఒకటి: ఇందులో సభ్యులు ఎవరు? రెండు: పుస్తకం ఎవరు రాస్తరు? మూడు: మిగులు ఎటు పోతది? ఈ మూడు తెలిస్తే ఆ సంస్థ ఎవరి అభివృద్ధి కోసం ఉన్నదో ఇట్టే తెలిసిపోతది.

మన ప్రాంత చరిత్రకే ఈ ప్రశ్నలు వేసి చూద్దాం. సికింద్రాబాదు నుంచి వాడి దాకా రైలు 1874లో వచ్చింది. వికారాబాద్ జంక్షన్ అయ్యింది. తాండూరు రాయి, కంది బయటికి పోవడానికి తొవ్వ పడ్డది. అప్పటి నుంచి మన సరుకు పోతనే ఉన్నది. వికారాబాదుకు ఆ పేరు పైగా నవాబు వికారుల్ ఉమ్రాది. జాగీర్లు 1949లో రద్దయినయి. పటేల్ పట్వారీ వ్యవస్థ 1984లో పోయింది. 2016 అక్టోబర్ 11న వికారాబాద్ జిల్లా కూడ అయ్యింది. ఇన్ని మారినయి. పట్వారీ కాలంల దస్త్రం మూట నెత్తిన మోసింది మన మస్కూరోళ్లు, కావలికార్లే. ఆ మూట విప్పి రాసింది, చదివింది మాత్రం మనం కాదు. నేటికీ చాలా ఆఫీసుల్లో మన పని మూట మోసుడు దగ్గర్నే ఆగింది.

కందికి పేరొచ్చింది, పైస ఎవరికొచ్చింది?

తాండూరు కందికి 2022 డిసెంబర్‌లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాన్నే జీఐ అంటున్నరు. దరఖాస్తు పెట్టింది యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. వ్యవసాయ విశ్వవిద్యాలయం సాయం చేసింది. వానాధారంగ పండే పంట, లోతైన నల్లరేగడి, కింద సున్నపురాయి, అందువల్లనే ఈ పప్పుకు ఈ రుచి, ఇట్ల ఉడికే గుణం అని అందులో రాశారు. ఇరవై నాలుగు శాతం దాకా మాంసకృత్తులున్నయని రాశారు. సంతోషమే. అయితే ఆ నల్లరేగడిలో వంగి విత్తిన చేతుల సంగతి, కలుపు తీసిన చేతుల సంగతి ఎవరు రాయాలె?

ఇక్కడ ఒక మంచి మాట ఉన్నది, ఒక చెడ్డ మాట ఉన్నది. జీఐ చట్టం 1999 నాటిది. ఆ చట్టంలో ఉత్పత్తిదారు అంటే పంట పండించినవాడు. పట్టా ఉన్నవాడు అని రాసి లేదు. అంటే కౌలుకు చేసే మన అక్క కూడ అధీకృత వినియోగదారుగ పేరు నమోదు చేయించుకోవచ్చు. ఇది మంచి మాట. ప్యాకింగు చేసేవాడు, వ్యాపారం చేసేవాడు కూడ ఆ నిర్వచనంలోకి వస్తడు. ఇది రెండో మాట. మనం పోకపోతే సంచి మీద బొమ్మ వేసేవాడే పోతడు. పేరు తాండూరుది, లాభం సంచి కుట్టినవాడిది అయితది.

మద్దతు ధర కూడ అట్లనే. కందికి క్వింటాలుకు 2024-25 సీజనుకు 7,550 రూపాయలు, 2025-26కు 8,000 రూపాయలు అని కేంద్రం ప్రకటించింది. ధర కాగితం మీద అందరిదీ. కొనుగోలు కేంద్రంకాడికి పోతే పాసుపుస్తకం అడుగుతరు. పాసుపుస్తకం పట్టాదారు పేరు మీద ఉంటది. కౌలు చేసినవాడు పట్టాదారును బతిమాలాలె, లేకుంటే బయట అగ్గువకు అమ్ముకోవాలె. 2018లో రైతుబంధు వచ్చినప్పుడూ ఇదే జరిగింది. ఎకరాకు పైసలు పట్టాదారు ఖాతాల పడ్డయి, దున్నినవాడి ఖాతాల పడలేదు. ఎవరూ మన మీద చెయ్యెత్తలేదు, తిట్టలేదు. ఒక్క నియమం రాశారు, అంతే. మనం బయట పడ్డం.

మార్కెట్ కమిటీ సంగతి చూడండి. 1966 చట్టం ప్రకారం వ్యాపారికి, అడ్తిదారుకు, దడవాయికి, హమాలీకి లైసెన్సు ఇచ్చేది కమిటీయే. మార్కెట్ ఫీజు కట్టాల్సింది కొన్నవాడు. 2015లో తెలంగాణలో మార్కెట్ కమిటీ చైర్మన్ పదవులకు రిజర్వేషన్లు పెట్టారు. మనోళ్లు కొందరు ఆ కుర్చీల కూచున్నరు. నేను సంతోషపడ్డ. కాని యార్డుకు వచ్చే గింజల్లో మన గింజలెన్ని? లైసెన్సున్న అడ్తిదార్లలో మనోళ్లెందరు? కుర్చీ మనదైనా కాంటా మనది కాలేదు. కుర్చీల కూచున్నవాడు కూడ మన దిక్కు చూడాలంటే యార్డు గేటుకాడ మనం గుంపుగ నిలబడాలె.

సొసైటీ, బ్యాంకు, కార్పొరేషన్

సహకార పరపతి సంఘాల చట్టం ఈ దేశంలో 1904లో వచ్చింది. వడ్డీ వ్యాపారి నుంచి రైతును కాపాడడానికి అని చెప్పారు. జర్మనీలో రైఫైజన్ అనే ఆయన గ్రామ పరపతి సంఘాలు పెట్టిండు, ఆ నమూనా తెచ్చారు. అక్కడ ఒక ఊరి వాళ్లు ఒకరికొకరు హామీ ఉంటరు. ఇక్కడ ఊరు ఒక్కటి కాదు, ఊరు వేరే, వాడ వేరే. హామీ ఎవరు ఉంటరు? భూమి ఉన్నవాడికి భూమి ఉన్నవాడు ఉంటడు. అందుకే సొసైటీ ఊరి సంఘం కాలేదు, పట్టాదార్ల సంఘం అయ్యింది.

1969లో 14 బ్యాంకులు జాతీయం చేశారు. 1980లో ఇంకో ఆరు. 1982లో నాబార్డు వచ్చింది. మన కోసమని 1974లో ఎస్సీ కార్పొరేషన్ పెట్టారు. ఇవన్నీ పోరాటాల ఫలితమే, వద్దనను. మా అయ్యకు కూడ ఒక బర్రె మంజూరైంది. కార్పొరేషను సబ్సిడీ ఇస్తనన్నది, బ్యాంకు వాళ్లు జమానతు తెమ్మన్నరు. జమానతు ఇచ్చే పెద్దమనిషి ఇంట్ల మా అయ్య ఒక ఎండకాలం కూలి లేకుండ పనిచేసిండు. బర్రె వచ్చింది. మేపడానికి గుంట జాగ లేదు. పాలు పోయడానికి కేంద్రం లేదు, వాడ పాలు ఎవరూ కొనరు. ఏడాదికే అమ్మినం. అప్పు మిగిలింది. బర్రె ఇచ్చిండ్రు గాని, బర్రె బతకడానికి కావలసిన గడ్డి, పాల కేంద్రం, డాక్టరు, వీటిల్లో ఏ సంస్థలోనూ మాకు పాలు లేదు.

2021లో దళితబంధు వచ్చినప్పుడు ఇంటికి పది లక్షలు అన్నరు. అప్పు కాదు, జమానతు లేదు. ఆ మేరకు పాత తప్పు దిద్దారు. కాని జాబితా ఎవరు రాసిండ్రు అని అడిగితే వాడ రాసింది అని ఎన్ని ఊర్లల్ల చెప్పగలరు? కిందటి సారి పేరు ఎక్కినోడు, ఎక్కనోడు నేటికీ మాట్లాడుకోరు. పథకం ఎంత మంచిదైనా జాబితా ఒకరి జేబులో ఉంటే మనల్ని చీలుస్తది.

రాయి సంగతి

ఇక నాపరాయి. మన బండలు పరువని ఊరు లేదు. ఓగిపూర్, మల్కాపూర్, కరన్‌కోట్ దిక్కు పోయి చూడండి. రాయి తీసిన గుంతలు, పాలిషింగ్ మిషన్లు, తెల్లటి సుద్ద కుప్పలు. మన పిల్లలు బడికొస్తే జుట్టు మీద ఆ దుమ్మే. నేను ఐదో తరగతి పిల్లలకు ఒక లెక్క ఇచ్చిన: గుంతల నుంచి పట్నంల ఇంటి నేల దాకా ఒక బండ ఎన్ని చేతులు మారుతదో రాయండి అని. కొట్టేటోడు, మోసేటోడు, లారీ, కోసే మిషను, పాలిషు, కమీషన్‌దారు, దుకాణం, మేస్త్రీ. ఎనిమిది చేతులు రాసిండ్రు. "మీ ఇంటోళ్లు ఎక్కడున్నరు?" అంటే అందరూ మొదటి రెండు కాడ్నే వేలు పెట్టిండ్రు. మిగతా ఆరు చేతులకు లైసెన్సులున్నయి, సంఘాలున్నయి, బ్యాంకు లోన్లున్నయి. మొదటి రెండు చేతులకు ముందస్తు బాకీ ఉన్నది.

కరన్‌కోట్‌లో సిమెంట్ కార్పొరేషన్ ఫ్యాక్టరీ ఉన్నది, కేంద్ర ప్రభుత్వానిది. ఆ కార్పొరేషన్‌కు దేశంలో చాలా ఫ్యాక్టరీలు ఉండె. ఆదిలాబాద్‌ది 1998లోనే ఆగింది. తాండూరుది నడుస్తున్నది. ప్రభుత్వ రంగం అంటే రిజర్వేషన్ ఉన్నది. పర్మినెంటు ఉద్యోగం వచ్చిన ఒక్కొక్క దళిత కుటుంబం నుంచి పిల్లలు చదివి బయటపడ్డరు. పక్కన ప్రైవేటు ఫ్యాక్టరీలల్ల రిజర్వేషన్ లేదు. అక్కడ మనం కాంట్రాక్టరు మనుషులం. అందుకే ప్రభుత్వ సంస్థ అమ్ముతం అన్నప్పుడల్లా, ఆ మాట సిమెంటు గురించే కాదు, మన పిల్లల గురించి అని అర్థం చేసుకోవాలె.

ఇంకో సంగతి చాలామందికి తెల్వదు. 2015లో గనుల చట్టం సవరించి గనుల ప్రభావం ఉన్న ప్రతి జిల్లాలో ఖనిజ ఫౌండేషన్ పెట్టాలన్నరు. 2015కు ముందటి లీజులైతే రాయల్టీ మీద 30 శాతం, వేలంలో ఇచ్చినవైతే 10 శాతం గనుల యజమాని అదనంగ అందులో కట్టాలె. సిమెంటుకు వాడే సున్నపురాయికి 2014లో పెట్టిన రాయల్టీ టన్నుకు 80 రూపాయలు. దాని మీద 30 శాతం అంటే 24 రూపాయలు. ఒక లారీల 25 టన్నులు పోతయనుకోండి, 600 రూపాయలు. ఆ పైసల్ల 70 శాతానికి తగ్గకుండ మంచినీళ్లు, వైద్యం, చదువు, పర్యావరణం లాంటి వాటికి పెట్టాలె. గని బాధిత ఊర్లకు పెట్టాలె. ఆ దారిన రోజూ పోయే లారీలు లెక్కపెట్టే తమ్ముళ్లు మన దగ్గరున్నరు. ఆ 600 ఎటు పోయింది అని లెక్క అడిగినోళ్లు ఎందరు?

భూమి కాడికి వద్దాం. మన జిల్లాలోనే దుద్యాల మండలం లగచర్లలో 2024 నవంబర్‌లో ఏం జరిగిందో మీరందరూ చూసిండ్రు. ఫార్మా కోసం భూములు అడిగారు. గిరిజన, దళిత, బహుజన రైతులు తిరగబడ్డరు. కేసులు, జైళ్లు అయినయి. ఆ నోటిఫికేషన్ వెనక్కి పోయి, పారిశ్రామిక పార్కు పేరుతో మళ్ల వచ్చింది. ఇట్లాంటిది ఏ ఊరికి వచ్చినా రెండు చట్టాలు గుర్తుంచుకోండి. 1977 అసైన్డు భూముల చట్టం ప్రకారం మనకిచ్చిన భూమి అమ్మినా కొన్నా చెల్లదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం భూమి పోయినోడే కాదు, మూడేండ్లుగ ఆ భూమి మీద కూలి చేసుకొని బతికే భూమిలేని కుటుంబం కూడ బాధిత కుటుంబమే. సర్వే చేసే రోజు మన వాడ పేర్లు ఆ జాబితాల ఎక్కాలె. ఎక్కకపోతే పరిహారం అంతా ఊరికి, ఖాళీ చేతులు వాడకు.

నా తప్పు కూడ చెప్పాలె

ఇప్పటిదాకా అడ్తి, బ్యాంకు, ఫ్యాక్టరీ అని పైవాళ్ల మీద చెప్పిన. ఇగ నా మీద చెప్త. కొన్నేండ్ల కింద మా వాడలో క్వారీ కూలీలతోటి పొదుపు సంఘం పెట్టినం. చదువుకున్నోన్ని నేనే గనుక పుస్తకం నేనే రాసేవాణ్ణి, మా ఇంట్ల బీరువాల పెట్టేవాణ్ణి. నాకు బదిలీ అయ్యింది. ఒక తమ్ముడి భార్యకు కాన్పు కష్టమై దవాఖానల పడితే పైసలు అడిగిండు. పుస్తకం నా దగ్గర, నేను ఇంకో ఊర్ల. పైసలు అందేసరికి వాడు మిత్తికి తెచ్చుకున్నడు. తర్వాత ఒకరి మీద ఒకరికి అనుమానాలు. సంఘం ఆరు నెలలకే పోయింది. నేను ఒక్క పైస తినలేదు. కాని పుస్తకం నా ఇంట్ల పెట్టుకున్న. ఈ ఒక్క విషయంలో పట్వారీ చేసిందీ నేను చేసిందీ ఒకటే. సంతకాల్ల ఒక్క ఆడమనిషి లేదు. పొదుపు చేసింది వాళ్లే. ఆ సంఘం పోయినందుకు వేరేవాళ్లను అనడానికి నాకు నోరు లేదు.

అదే సమయంలో మన పక్కనే బాగ నడిచినవి ఉన్నయి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి దళిత ఆడవాళ్లు ఊరూరా సంఘాలు పెట్టుకున్నరు. 1990లలో బీడుపడ్డ భూములు సాగులకు తెచ్చి జొన్నలు పండించి, అప్పును గింజల రూపంల తిరిగి తీసుకొని ఊర్లనే నిలువ చేసిండ్రు. ఆకలి నెలల్ల పేదింటోళ్లకు అగ్గువకు ఇచ్చిండ్రు. ఎవరు పేద, ఎంత పేద అని జాబితా రాసింది తాసిల్దారు కాదు, ఊరోళ్లే అందరి ముందర కూచొని రాసిండ్రు. ఇక్కడ మూడు ప్రశ్నలకూ జవాబు ఒకటే: సభ్యులు వాళ్లే, లెక్క వాళ్లదే, మిగులు ఊర్లనే.

కేరళలో ఊరాళుంగల్ అనే చోట సంఘసంస్కర్త వాగ్భటానంద వెంట నడిచినందుకు కూలీలకు పెద్దకులాలవాళ్లు పని ఇవ్వలేదు. వాళ్లు 1925లో సొంతంగ కూలీల కాంట్రాక్టు సహకార సంఘం పెట్టుకున్నరు. చిన్న చిన్న మట్టి పనులు పట్టిండ్రు. ఆ సంఘం వందేండ్లు దాటి ఇప్పుడు పెద్ద రోడ్లు, వంతెనలు కడుతున్నది. వేలమందికి పని ఇస్తున్నది. పని బంద్ చేస్తే లొంగిపోతరనుకున్నరు. వాళ్లు కాంట్రాక్టరునే పక్కకు పెట్టిండ్రు. మన దగ్గర రాయి కొట్టే చేతులకు ఆ తెలివి లేదా?

బాబాసాహెబ్ 1918లోనే చిన్న కమతాల మీద వ్యాసం రాసిండు. కమతం చిన్నదా పెద్దదా అన్నది కాదు, దాని మీద పెట్టే పెట్టుబడి, పనిముట్లు ఉన్నయా లేవా అన్నది చూడాలన్నడు. 1947లో రాజ్యాంగ సభకు ఇచ్చిన పత్రంలో భూమి ప్రభుత్వానిది కావాలె, కులభేదం లేకుండ ఊరోళ్లు సమష్టిగ సాగు చేయాలె, భూస్వామీ కౌలుదారూ భూమిలేని కూలీ అన్న తేడా ఉండొద్దు అని రాసిండు. ఆ మాట ఒప్పుకోలేదు. ఓటు ఒప్పుకున్నరు. మనిషికి ఒక్క ఓటు వచ్చింది. ఆ ఓటును ఎన్నికల రోజే కాక సొసైటీలకు, యార్డుకు, గనుల పైసలకు కూడ తీసుకపోవడం మన పని.

చేయాల్సినవి

ఇంటికి పోయినంక మరిచిపోకుండ నాలుగు పనులు చెప్త.

మొదటిది, ప్రతి వాడలో ఇద్దరు చదువరులు కావాలె. ఒకరు ఆడపిల్ల ఉండాలె. వాళ్ల పని పుస్తకాలు అడుగుడు. సొసైటీ సభ్యుల జాబితా, పంచాయతీ ఖర్చుల లెక్క, ఖనిజ ఫౌండేషన్ పనుల జాబితా. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉన్నది. పంచాయతీకి దరఖాస్తు ఫీజు లేదు, మండలంల ఐదు రూపాయలు, పైన పది రూపాయలు. ముప్పై రోజుల్ల జవాబు ఇయ్యాలె. రెండు చాయల పైస.

రెండోది, కౌలు చేసేటోళ్లందరి పేర్లు రాయండి. 2011 చట్టం కింద రుణ అర్హత కార్డుకు దరఖాస్తు పెట్టండి. ఇయ్యమంటే ఇయ్యమని కాగితం మీద రాసి ఇయ్యమనండి. కందికి జీఐ నమోదుకు కూడ ఇదే జాబితా పనికొస్తది.

మూడోది, ఈ పంటకే వాడకొక సొంత కాంటా కొనండి. ఇంటికాడ తూచి, చీటీ రాసి, తర్వాత యార్డుకు పోండి. తేడా వస్తే పది మంది చీటీలు కలిపి కమిటీకి ఇయ్యండి. మా అవ్వ ఒక్కతే గనుక నా చెయ్యి గుంజింది. పది చీటీలున్నకాడ ఎవరూ ఎవరి చెయ్యీ గుంజరు.

నాలుగోది, తొందరపడి బోర్డు పెట్టకండి. పది కుటుంబాల నుంచి పది మంది ఉంటే 1995 పరస్పర సహాయ చట్టం కింద సహకార సంఘం పెట్టుకోవచ్చు. కాని ముందు ఒక ఏడాది పుస్తకం రాసి చూడండి. నెలకోసారి చెట్టు కింద గట్టిగ చదివి వినిపించండి. పుస్తకం ఒక ఇంట్ల, తాళం ఇంకో ఇంట్ల, సంతకం ఆడవాళ్లది. మాల, మాదిగ, డక్కలి, చిందు అందరి పేర్లూ ఒకటే జాబితాల ఉండాలె. సంఘంల కూడ వెనక బెంచీలు పెడితే ఊరికి మనకు తేడా లేదు.

మన వాడల్ల బాబాసాహెబ్ విగ్రహం చేతిల పుస్తకం ఉంటది. ఏప్రిల్ 14న దండ వేస్తం. మిగతా దినాలు కూడ మనం పుస్తకం చేతబట్టి ఆఫీసు మెట్లెక్కాలె. మా అవ్వ ఇప్పుడు ముసలిది. ఇక్కడికి బయలుదేరేటప్పుడు "ఏం చెప్తవు బిడ్డా?" అని అడిగింది. "నీ కందుల లెక్క చెప్త" అన్న. "తప్పు పడ్డదని అందరి ముందర చెప్పు" అన్నది.

తప్పు పడ్డది. దాన్ని మనమే దిద్దాలె.

జై భీమ్.